నాటితే కుళ్ళే మొక్కలు: అక్వేరియంలో రైజోమ్ ఎందుకు పాడవుతుంది?

క్లుప్తంగా: అనుబియాస్, జావా ఫెర్న్, బ్యూసెఫలాండ్రా, బోల్బిటిస్ వంటి అక్వేరియం మొక్కలకు ఆయువుపట్టు రైజోమ్. అది వేరు కాదు, కాండం. ఇసుకలో పూడిస్తే దానికి ఆక్సిజన్ అందదు. కణాలు నీరసించి చచ్చాక సూక్ష్మజీవులు చేరి కుళ్ళబెడతాయి. అందువల్ల నివారణ మందులో కన్నా మొక్కను పెట్టే తీరులోనే ఎక్కువ ఉంది. రాయికో కర్రకో కట్టి, రైజోమ్‌ను పారే నీటికి వదిలేయాలి. ఎండాకాలంలోనూ, కొరియర్‌లో వచ్చిన మొక్కల విషయంలోనూ ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

కొత్తగా అక్వేరియం పెట్టుకునేవారికి దుకాణదారు ముందుగా చూపించే మొక్కల్లో అనుబియాస్ ఒకటి. వెలుతురు తక్కువైనా బతుకుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అక్కర్లేదు. ఆకు మందంగా, గట్టిగా ఉంటుంది కనుక చాలా చేపలు దాని జోలికి పోవు. బోరునీళ్ళనూ తట్టుకుంటుంది. చావని మొక్క అని చెప్పి అమ్ముతారు. ఆ చావని మొక్కే నెలా రెండు నెలల్లో ఒక్కో ఆకునూ వదిలేస్తుంది. ఒకరోజు చేత్తో తాకితే మొదలంతా గుజ్జుగా విడిపోతుంది. లైటు సరిపోలేదేమో, ఎరువు ఎక్కువైందేమో, చేపలు కొరికాయేమో అని అన్నిటి మీదా అనుమానం వస్తుంది. అసలు కారణం మాత్రం చాలాసార్లు మొదటి రోజే, మొక్కను ట్యాంకులో పెట్టిన ఆ ఐదు నిమిషాల్లోనే పడి ఉంటుంది.

మొక్క అనగానే తెలుగులో నోటికి వచ్చే మాట "నాటడం". నాటడమంటే గుంట తీసి, మొదలు కప్పి, చుట్టూ మట్టి అదమడం. వరి నారుకూ మిరప నారుకూ అది సరైన పని. ఈ మొక్కల విషయంలో ఆ మాటే తప్పుదారి పట్టిస్తోంది. వీటిని నాటకూడదు. కట్టాలి, లేదా అంటించాలి. దుకాణంలో చిన్న ప్లాస్టిక్ కుండీలో, దూదిలాంటి రాక్‌వుల్ మధ్య కూర్చి అమ్మడం వల్ల ఈ అపోహ ఇంకా బలపడుతుంది. కుండీలో ఉన్నది నేలలో పెట్టాల్సిందే అని కొన్నవారు అనుకోవడంలో వింతేమీ లేదు.

రైజోమ్ అంటే ఏమిటి?

పసుపు కొమ్ము, అల్లం కొమ్ము తెలిసిన వారికి రైజోమ్ కొత్తది కాదు. అడ్డంగా పాకే కాండమే రైజోమ్. దాని మీద కణుపులుంటాయి, కణుపుల దగ్గర మొగ్గలుంటాయి, లోపల పిండిపదార్థం నిల్వ ఉంటుంది. పైవైపు నుంచి ఆకులు, కిందివైపు నుంచి వేర్లు వస్తాయి. అనుబియాస్‌లో ఇది వేలంత లావు దాకా, పచ్చగా, నున్నగా ఉంటుంది. జావా ఫెర్న్‌లో సన్నగా, గోధుమ రంగులో, సన్నని పొలుసులతో కప్పి ఉంటుంది. ఆకులన్నీ పోయినా రైజోమ్ గట్టిగా ఉంటే మొక్క మళ్ళీ లేస్తుంది. రైజోమ్ పోయిందంటే, పైన ఎంత పచ్చని ఆకులున్నా ఆ మొక్క పని అయిపోయినట్టే.

ఈ మొక్కల పుట్టిల్లు చూస్తే విషయం సగం అర్థమవుతుంది. అనుబియాస్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా మొక్క. కామెరూన్, గాబన్, కాంగో ప్రాంతాల అడవి వాగుల ఒడ్డున, రాళ్ళ మీద, పడిపోయిన చెట్ల మీద పెరుగుతుంది. 1857లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త హైన్‌రిష్ విల్‌హెల్మ్ షాట్ ఈ ప్రజాతికి ఈజిప్టు దేవుడు అనుబిస్ పేరు పెట్టాడు. మన ఇళ్ళల్లో కనిపించే చేమ, కంద ఉన్న ఏరేసీ కుటుంబమే దీనిదీ. బ్యూసెఫలాండ్రా కూడా అదే కుటుంబం. అది ఒక్క బోర్నియో దీవిలోనే సహజంగా దొరుకుతుంది, వేగంగా పారే సెలయేళ్ళలో రాళ్ళను కరచుకుని ఉంటుంది. జావా ఫెర్న్ పేరులో జావా ఉన్నా, ఈశాన్య భారతం నుంచి ఆగ్నేయాసియా అంతటా ఉంది. బోల్బిటిస్ ఆఫ్రికా వాగుల ఫెర్న్.

నాలుగూ వేరువేరు చోట్లవి. రెండు పూల మొక్కలు, రెండు ఫెర్న్‌లు. బతికే తీరు మాత్రం ఒక్కటే: పట్టు రాయి మీద, కాండం బయట, చుట్టూ కదిలే నీరో తేమ నిండిన గాలో. వేర్ల ముఖ్యమైన పని కరచుకోవడం. తిండిలో చాలా భాగం ఆకుల ద్వారా, రైజోమ్ చుట్టూ ఉన్న నీటి నుంచి అందుతుంది. మట్టిలో పూడుకుపోయి బతకాల్సిన అవసరం వీటికి ఎన్నడూ పెద్దగా రాలేదు.

ఊపిరి ఆడకపోవడం మొదటి దెబ్బ

రైజోమ్‌లోని ప్రతి కణం రాత్రీ పగలూ శ్వాసిస్తూనే ఉంటుంది. అందుకు ఆక్సిజన్ కావాలి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక లీటరు గాలిలో దాదాపు 275 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, అదే వేడిలో ఒక లీటరు మంచినీటిలో కరిగి ఉండగలిగేది సుమారు 8 మిల్లీగ్రాములే. పైగా ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నిలకడగా ఉన్న నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ట్యాంకులో నీరు ఫిల్టర్ వల్ల కదులుతుంది కాబట్టి రైజోమ్ పక్కనున్న నీరు ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. దానికి ఆ కాస్త ఆక్సిజన్ చాలు.

ఇసుకలో పూడిస్తే ఈ ఏర్పాటు తెగిపోతుంది. సన్నని ఇసుక రేణువుల మధ్య నీరు దాదాపు కదలదు. అక్కడున్న కొద్దిపాటి ఆక్సిజన్‌ను ముందుగా బ్యాక్టీరియా తినేస్తుంది, ఎందుకంటే చేపల రెట్ట, మిగిలిన మేత, రాలిన ఆకుల ముక్కలు అన్నీ అడుగునే చేరతాయి. ఆక్సిజన్ అయిపోయాక వేరే రకం బ్యాక్టీరియా పైకి వస్తుంది. అది నైట్రేట్‌ను, ఇనుమును, చివరికి సల్ఫేట్‌ను వాడుకుని బతుకుతుంది. సల్ఫేట్ దాకా వచ్చిందంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అడుగు కదిపినప్పుడు వచ్చే కుళ్ళిన గుడ్ల వాసన, ఇసుకలో కనిపించే నల్లటి మచ్చలు దాని గుర్తులు. ఆ వాయువు కణాల శ్వాసను నేరుగా అడ్డుకుంటుంది.

ఆక్సిజన్ లేని కణం వెంటనే చావదు. చక్కెరను పులియబెట్టి కాలం గడుపుతుంది, కల్లు పులిసినట్టే. ఒక గ్లూకోజ్ అణువు నుంచి మామూలు శ్వాసలో 30 దాకా శక్తి ప్యాకెట్లు, అంటే ఏటీపీ అణువులు, దొరికితే పులియబెట్టడంలో రెండే దొరుకుతాయి. అంటే అదే బతుకు బతకడానికి నిల్వ పిండి ఎన్నో రెట్లు ఖర్చు పెట్టాలి. పైగా లోపల ఆల్కహాల్, ఎసిటాల్డిహైడ్ పోగవుతాయి. కొన్ని రోజులకో వారాలకో కణం గోడ లోపలి పొర పట్టు తప్పి, చక్కెరలు, అమైనో ఆమ్లాలు బయటికి కారడం మొదలవుతుంది. కుళ్ళు అసలు ఇక్కడ మొదలవుతుంది. కంటికి ఇంకా ఏమీ కనిపించదు.

తామర దుంప బురదలో ఎలా బతుకుతోంది?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. తామర దుంప చెరువు బురదలోనే ఉంటుంది. అదీ రైజోమే. వరి వేర్లు నెలల తరబడి నిలవ నీటిలో ఉంటాయి. అవి కుళ్ళవేం?

తామర తూడును అడ్డంగా విరిచి చూసిన వారికి జవాబు చేతిలోనే ఉంది. అందులో కనిపించే రంధ్రాలు గాలి గొట్టాలు. నీటి పైకి వచ్చిన తామరాకు ఎండకు వేడెక్కినప్పుడు దానిలో గాలి పీడనం పెరిగి, ఆ గాలి తూడు గుండా కింద బురదలోని దుంపకు చేరుతుంది, ఇంకో దారిన తిరిగి బయటికి వస్తుంది. వరిలోనూ కాండం నుంచి వేరు కొనదాకా గాలి ఖాళీలున్న కణజాలం ఉంటుంది. ఈ మొక్కలు బురదలో ఊపిరి బిగబట్టుకుని ఉండడం లేదు, పై నుంచి గాలిని దింపుకుంటున్నాయి.

ట్యాంకులో ఆకులతో సహా పూర్తిగా మునిగి ఉన్న అనుబియాస్‌కు బయటి గాలితో సంబంధమే ఉండదు. దానికి దొరికే ఆక్సిజన్ రెండే దారుల్లో వస్తుంది: చుట్టూ నీటి నుంచి, పగటిపూట సొంత ఆకులు కిరణజన్య సంయోగక్రియలో తయారుచేసే దాని నుంచి. ఆ రెండోది నెమ్మదిగా పెరిగే మొక్కలో, తక్కువ వెలుతురులో అసలే అంతంత మాత్రం. రాత్రి పూట అదీ ఉండదు. అమెజాన్ స్వోర్డ్, వాలిస్నేరియా లాంటి మొక్కలు ఇసుకలో హాయిగా పెరగడానికి కారణం వాటి వేర్లు ఆకుల నుంచి తెచ్చిన ఆక్సిజన్‌ను చుట్టూ ఉన్న ఇసుకలోకి కూడా కొంత వదలడం. వాటికి కూడా ఆకులు పుట్టే మొదలును ఇసుకపైనే ఉంచమని చెప్పేది ఇందుకే. క్రిప్టోకొరైన్ సంగతి మళ్ళీ వేరు. అది ఏటి అడుగున వేళ్ళూనే మొక్క, దాన్ని ఇసుకలో పెట్టాలి. అన్నీ నీటి మొక్కలే కదా అని ఒకే గాటన కట్టేయడం వల్లే సగం నష్టం జరుగుతోంది.

పసుపు చేలోని దుంపకుళ్ళుతో చుట్టరికం

నిజామాబాద్, జగిత్యాల, దుగ్గిరాల పసుపు రైతులకు దుంపకుళ్ళు బాగా తెలిసిన శత్రువు. వానలు వరసగా పడి చేలో నీరు నిలిస్తే ఆకులు అంచుల నుంచి పసుపెక్కి ఎండుతాయి, మొక్క లాగితే చేతికి వస్తుంది, కొమ్ము మెత్తబడి వాసన కొడుతుంది. దీనికి ప్రధాన కారకం పిథియం అనే సూక్ష్మజీవి. అల్లంలో ఈ కుళ్ళును మన దేశంలో మొదట 1907లో మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త బట్లర్ గుజరాత్‌లోని సూరత్ ప్రాంతం నుంచి నమోదు చేశాడు. పిథియాన్ని వాడుకలో శిలీంధ్రం అంటారు గానీ, అది నిజమైన శిలీంధ్రాల కుటుంబానికి చెందదు. నీటి బూజుల వర్గానికి చెందుతుంది.

ఆ తేడా అక్వేరియం వరకు చాలా ముఖ్యమైనది. నీటి బూజుల బీజాలకు రెండు తోకలుంటాయి, అవి నీటిలో ఈదుతాయి. ఈదడమే కాదు, దెబ్బతిన్న కణజాలం నుంచి కారే చక్కెరల వైపు వెతుక్కుంటూ వెళతాయి. పసుపు చేలో అవి కదలడానికి మట్టిలో నీరు నిలవాలి. అక్వేరియంలో ఎటు చూసినా నీరే. వీటికి తోడు మెత్తటి కుళ్ళు తెచ్చే బ్యాక్టీరియా ఉంటుంది. కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్‌ను అది కరిగించేస్తుంది. బుట్టలో ఒక బంగాళాదుంప జారుడుగా మారి పక్కవాటిని కూడా ముంచే సంగతి ఇళ్ళల్లో చూసేదే. చేమ, కంద జాతి మొక్కలకు ఈ బ్యాక్టీరియా బెడద నర్సరీల్లో కూడా ఉంది.

అయితే రెండు చోట్లా వరస ఒకటే: ముందు గాలి ఆడకపోవడమో గాయమో, ఆ తర్వాత సూక్ష్మజీవి. పసుపు చేలో ఎత్తు మళ్ళు వేసి, మురుగునీటి కాలువలు తీయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ముందు గాలి కోసమే, మందు ఆ తర్వాతి మాట. అక్వేరియంలో ఎత్తు మడికి బదులు ఒక రాయి కావాలి, అంతే తేడా. ఈ పోలిక పట్టుకుంటే మిగతా సలహాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

నర్సరీ నుంచే కుళ్ళుతో వచ్చే మొక్కలు కూడా ఉంటాయి. వాటిని ఎంత సరిగ్గా కట్టినా ఫలితం ఉండదు. మొక్క ఎక్కువ కాలం గుంపుగా, మురికి నీటిలో, రాక్‌వుల్ బిగుతులో ఉన్నప్పుడు రైజోమ్ అడుగుభాగం అప్పటికే మెత్తబడి ఉండొచ్చు. ప్రయోగశాలలో జెల్ మీద పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలకు ఈ ముప్పు లేదు, కానీ అవి లేతగా ఉంటాయి. జెల్‌ను పూర్తిగా కడగకపోతే అందులోని చక్కెరే బ్యాక్టీరియాకు విందు అవుతుంది.

ఆలస్యంగా బయటపడడమే అసలు చిక్కు

ఇంత స్పష్టమైన కారణం ఉన్నా గందరగోళం ఎందుకు? రైజోమ్‌లో పిండి నిల్వ ఉండడమే దానికి కారణం. పూడ్చిన మొక్క వారాల పాటు పచ్చగానే ఉంటుంది. కొన్నిసార్లు నిల్వ మీద ఆధారపడి ఒక కొత్త ఆకు కూడా వేస్తుంది. చూసేవారు మొక్క కుదురుకుందని సంతోషిస్తారు. ఆకులు పసుపెక్కి రాలే సమయానికి నెల దాటిపోతుంది. ఆ మధ్యలో లైటు మార్చి ఉంటారు, కొత్త ఎరువు వేసి ఉంటారు, రెండు చేపలు తెచ్చి ఉంటారు. నింద వాటి మీదకు పోతుంది. మొదటి రోజు ఇసుకలో అదిమిన సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

నత్తల మీద కూడా అలాగే నింద పడుతుంది. చిన్న నత్తలు కుళ్ళిన కణజాలం మీద గుంపుగా చేరి గీరుతూ కనిపిస్తాయి, దాంతో మొక్కను అవే తిన్నాయనిపిస్తుంది. నిజానికి చాలా చిన్న నత్తలు గట్టి రైజోమ్‌ను కొరకలేవు. కుళ్ళు ముందు వచ్చింది, నత్త వెనక వచ్చింది. ఒక రకంగా అవి చేస్తున్నది శుభ్రపరిచే పనే.

ఇంకో చిక్కు కూడా ఉంది. "మేము గులకరాళ్ళలోనే పెట్టాం, రెండేళ్ళుగా బాగుంది" అనేవారూ ఉంటారు. వారు చెప్పేది అబద్ధం కాదు. గులకరాళ్ళు బఠాణీ గింజంత ఉంటే వాటి మధ్య నీరు తిరుగుతుంది. పైగా రైజోమ్ కొన ముందుకు పాకుతూ కొద్ది నెలల్లో పైకి తేలుతుంది. వెనక భాగం పోయినా ముందు భాగం బతికి బయటపడుతుంది. అదే మొక్కను సన్నని ఇసుకలోనో, పోషకాలు దట్టించి అక్వేరియంల కోసం అమ్మే కొత్త మట్టిలోనో, అంటే ఆక్వా సాయిల్‌లోనో, పూడిస్తే కథ మారుతుంది. కొత్త సాయిల్ మొదటి వారాల్లో అమ్మోనియా వదులుతుంది, దాన్ని తినే బ్యాక్టీరియా అడుగునున్న ఆక్సిజన్‌ను వేగంగా లాగేస్తుంది. కాబట్టి ఒకరి అనుభవం ఇంకొకరికి పనికిరాకపోవడంలో ఆశ్చర్యం లేదు. మొక్క ఒకటే అయినా దాని చుట్టూ ఉన్న గాలి పరిస్థితి ఒకటి కాదు.

కుళ్ళు కానివాటిని కుళ్ళు అనుకోవడం

కొన్న కొత్తలో ఆకులు పోవడం అన్నిసార్లూ కుళ్ళు కాదు. నర్సరీల్లో ఈ మొక్కలను చాలావరకు నీటి బయట, తేమ గాలిలో పెంచుతారు. అలా పెరిగిన ఆకులు నీటిలో మునిగాక పాతవి పోయి కొత్తవి రావడం మామూలే. హాబీలో దీన్ని మెల్ట్ అంటారు. బ్యూసెఫలాండ్రాలో, క్రిప్టోకొరైన్‌లో ఇది మరీ ఎక్కువ.

తేడా తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. రైజోమ్‌ను బొటనవేలుతో మెల్లగా నొక్కాలి. పచ్చి అల్లంలా గట్టిగా ఉంటే ఆకులు పోయినా భయం లేదు. పండిన అరటిపండులా లోపలికి దిగితే, తొక్క జారితే, దుర్వాసన వస్తే అది కుళ్ళే. ఆకు ఎలా ఊడిందో కూడా చూడాలి. మెల్ట్‌లో ఆకు చివరల నుంచి పారదర్శకంగా కరుగుతుంది. కుళ్ళులో ఆకు పచ్చగా ఉండగానే కాడ మొదలు దగ్గర విడిపోయి నీటిపై తేలుతుంది. పచ్చని ఆకు తేలితే అదే రోజు రైజోమ్‌ను చూడడం మంచిది. మర్నాటికి వాయిదా వేయకూడదు.

జావా ఫెర్న్ విషయంలో కంగారు ఇంకా ఎక్కువ. ఆకు అడుగున వరసగా కనిపించే గోధుమ చుక్కలు ఫెర్న్ బీజాల గుంపులు, జబ్బు కాదు. ముదురు ఆకుల మీద నల్లటి మచ్చలు పడి, వాటి నుంచి చిన్న చిన్న పిల్ల మొక్కలు పుడతాయి. దాని పాత రైజోమ్ ముదురు గోధుమ, నలుపు రంగుల్లో ఉండడమూ సహజమే. రంగు చూసి కోసి పారేస్తే బతికున్న మొక్కను పారేసినట్టే. ఇక్కడ రంగు కన్నా గట్టిదనానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఎండాకాలం, కొరియర్, కరెంటు కోత

తెలుగు రాష్ట్రాల్లో ఈ సమస్యకు ఒక రుతువు ఉంది. నీటి వేడి 25 నుంచి 32 డిగ్రీలకు చేరితే కరిగి ఉండగల ఆక్సిజన్ లీటరుకు సుమారు 8.2 నుంచి 7.3 మిల్లీగ్రాములకు పడిపోతుంది. ఆ తగ్గుదల ఒక్కటే అయితే పెద్దది కాదు. కానీ వేడి 10 డిగ్రీలు పెరిగితే జీవకణాల శ్వాస దాదాపు రెట్టింపవుతుంది. మొక్కకూ, చేపకూ, బ్యాక్టీరియాకూ అందరికీ ఆకలి పెరిగిన సమయంలో సరఫరా తగ్గుతుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో ఏసీ లేని గదిలోని ట్యాంకు 32 దాటడం అరుదేమీ కాదు. జావా ఫెర్న్, బోల్బిటిస్ ఆ వేడికి త్వరగా వాడతాయి. అనుబియాస్ కాస్త ఓర్చుకుంటుంది.

దానికి తోడు రవాణా. మొక్కలు చాలాసార్లు కోల్‌కతా నుంచో చెన్నై నుంచో పాలిథిన్ సంచుల్లో, చీకట్లో, రెండు మూడు రోజుల ప్రయాణం చేసి వస్తాయి. చీకట్లో కిరణజన్య సంయోగక్రియ ఉండదు. సంచిలో వేడి పెరుగుతుంది, తేమ ఎక్కువ, గాలి తక్కువ. ఇసుకలో పూడ్చినప్పుడు జరిగేదంతా పెట్టెలో ముందే మొదలైపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెప్పించే కన్నా వానాకాలం చివరి నుంచి చలికాలం మధ్యలో తెప్పించడం మేలు.

కరెంటు పోయి ఫిల్టర్ కొన్ని గంటలు ఆగితే చేపల గురించి టెన్షన్ పడతాం, మొక్కల గురించి ఆలోచించం. రాతి మీద ఉన్న రైజోమ్‌కు ఆ కొన్ని గంటలు పెద్ద లెక్క కాదు. ఇసుకలో సగం పూడి, అప్పటికే అంచున ఉన్న దానికి మాత్రం అదే చివరి దెబ్బ కావచ్చు. నీటి ఉపరితలం మీదకు చిన్న ఫ్యాన్ పెడితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ లాంటి పొడి వేసవిలో ఇది బాగా పనిచేస్తుంది, విశాఖ ఉక్కపోతలో అంతగా కాదు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఎక్కడైనా ఉపయోగమే.

కట్టడం, అంటించడం, ఇరికించడం

మొక్క ఇంటికి వచ్చాక ముందు చేయాల్సింది కుండీ తీసి, రాక్‌వుల్‌ను ఒక్క పోగు కూడా మిగలకుండా వేర్ల నుంచి విడదీయడం. ఇది ఓపిక కావాల్సిన పని. రైజోమ్ అడుగు కనిపించేది అప్పుడే. నల్లగా మెత్తబడిన వేర్లను కత్తిరించాలి. బాగున్న వేర్లను రెండు మూడు సెంటీమీటర్లు ఉంచితే చాలు, కొత్తవి వస్తాయి. రైజోమ్‌ను ముక్కలు చేయాలనుకుంటే ఒక్కో ముక్కకు మూడు నాలుగు ఆకులైనా ఉండాలి, బ్లేడు కొత్తదై, స్పిరిట్‌తో తుడిచి ఉండాలి. కొత్తగా వచ్చిన మొక్కను ఆ రోజే ముక్కలు చేయడం మాత్రం మంచిది కాదు. ప్రయాణపు అలసటకు గాయం తోడవుతుంది, ఆ గాయం నుంచి కారే చక్కెరలే నీటి బూజుకు పిలుపు.

కట్టడానికి మామూలు నూలు దారం చాలు. అది వారాల్లో మెల్లగా చివికిపోతుంది, అప్పటికి వేర్లు రాయిని పట్టుకుంటాయి. నైలాన్ దారం చివకదు, బిగించి కడితే లావెక్కే రైజోమ్‌లోకి కోసుకుపోతుంది. అదీ ఒక గాయమే. ఏ దారమైనా ఆకుల మధ్య ఖాళీల్లోంచి, రైజోమ్ కదలకుండా ఉండేంత మేరకే బిగించాలి.

ఫెవిక్విక్ లాంటి సైనోఎక్రిలేట్ జిగురు ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నారు. తేమ తగలగానే గట్టిపడుతుంది, గట్టిపడ్డాక చేపలకు హాని లేదు. జెల్ రకమైతే కారదు కనుక మేలు. జిగురు చుక్కలు వేర్ల మీద, రైజోమ్ అడుగున ఒకటి రెండు చోట్ల మాత్రమే పడాలి. రైజోమ్ మొత్తాన్ని జిగురులో ముంచితే ఇసుక చేసే పనే జిగురు చేస్తుంది, గాలి అందదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది: సైనోఎక్రిలేట్, నూలు కలిస్తే రసాయన చర్య చాలా వేగంగా జరిగి పొగ వచ్చేంత వేడి పుడుతుంది. నూలు దారంతో కట్టి, దాని మీద జిగురు పోయడం వల్ల రైజోమ్ కాలిపోవచ్చు, వేళ్ళు కూడా కాలవచ్చు. దారమో జిగురో, రెంటిలో ఒకటే వాడాలి.

మూడో పద్ధతి ఇరికించడం. రాళ్ళ మధ్య సందులో వేర్లను దోపి, రైజోమ్‌ను పైన వదిలేయడం. దారం, జిగురు రెండూ అక్కర్లేదు. లావా రాయి, గరుకు గ్రానైట్, డ్రిఫ్ట్‌వుడ్ అన్నీ పనికొస్తాయి. కడప రాయి, తాండూరు బండ ముక్కలు సున్నపురాళ్ళు కనుక నీటి కాఠిన్యాన్ని కాస్త పెంచుతాయి. అనుబియాస్, జావా ఫెర్న్ దాన్ని పట్టించుకోవు, కానీ మెత్తని నీరు కోరే చేపలుంటే ఆలోచించాలి. మొక్కను అడుగునున్న ఇసుకలోనే ఉంచాలని ఉంటే అదీ సాధ్యమే. వేర్లను మాత్రమే ఇసుకలోకి దించి, రైజోమ్ పూర్తిగా ఇసుకపైన ఉండేలా చూడాలి. మొదట లోతుగా పెట్టి, తర్వాత మెల్లగా పైకి లాగితే వేర్లు కిందికి సర్దుకుంటాయి. అయితే చేపలు ఇసుక తవ్వి మళ్ళీ కప్పేసే ట్యాంకుల్లో ఇది నిలవదు. గోల్డ్‌ఫిష్, కొన్ని సిక్లిడ్‌లు ఉన్నచోట రాయే దారి.

కట్టిన తర్వాత కూడా ఒక పని మిగులుతుంది. ఆకుల మొదళ్ళ మధ్య మురికి పేరుకుంటుంది. అది పైనుంచి పూడ్చినట్టే. ఫిల్టర్ నీరు మెల్లగా తగిలే చోట రాయిని ఉంచి, వారానికోసారి నీరు మార్చేటప్పుడు చేత్తో నీటిని విసనకర్రలా కదిపితే ఆ మురికి ఎగిరిపోతుంది.

కుళ్ళు మొదలయ్యాక

మొదలైన కుళ్ళును ఆపే నమ్మకమైన పద్ధతి కత్తే. మెత్తబడిన భాగాన్ని మాత్రమే తీస్తే చాలదు, ఎందుకంటే సూక్ష్మజీవి గోధుమరంగు గీత కన్నా ముందుకు పాకి ఉంటుంది. కోత ముఖం తెల్లగానో లేతాకుపచ్చగానో, మచ్చ లేకుండా కనిపించేదాకా కోస్తూ పోవాలి, ఆపైన ఇంకో అర సెంటీమీటరు కోయాలి. ప్రతి కోతకూ బ్లేడు తుడవాలి. ఒకే బ్లేడుతో నాలుగు మొక్కలు కోయడం ఒకే సూదితో నలుగురికి ఇంజెక్షన్ ఇవ్వడం లాంటిది. కోసిన ముక్కను పాత ట్యాంకులో కాకుండా విడిగా ఉంచాలి.

విడిగా అంటే ఇంకో నీటి తొట్టే కానక్కర్లేదు. మూత ఉన్న పారదర్శకమైన డబ్బా అడుగున తడి నాచు పరిచి, దాని మీద ముక్కను ఉంచి, నేరుగా ఎండ పడని వెలుతురులో పెట్టవచ్చు. రోజూ ఒకసారి మూత తీయాలి. ఇందులోని తర్కం పైన చెప్పిన లెక్కలోనే ఉంది: గాలిలో ఆక్సిజన్ నీటిలో కన్నా 30 రెట్లకు పైగా ఎక్కువ, ఈదడానికి నీరు లేక బీజాలు కదలలేవు. అనుబియాస్, బ్యూసెఫలాండ్రా సహజంగానే సగం కాలం నీటి బయట ఉండే మొక్కలు కనుక ఈ డబ్బా వాటికి శిక్ష కాదు.

మందుల గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. పొటాషియం పర్మాంగనేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివాటిలో ముంచితే పైపై సూక్ష్మజీవులు తగ్గుతాయి, లోపలికి దిగిన కుళ్ళు తగ్గదు. మోతాదు మించితే జావా ఫెర్న్ ఆకులు మాడతాయి. పసుపు చేలో వాడే రాగి మందులను, శిలీంధ్రనాశకాలను ట్యాంకులో వేయడం ఘోరమైన తప్పు. అతి కొద్ది రాగి కూడా రొయ్యలను, నత్తలను చంపుతుంది. యాంటీబయాటిక్‌లు ఫిల్టర్‌లోని మేలుచేసే బ్యాక్టీరియాను దెబ్బతీసి అమ్మోనియాను పెంచుతాయి. ఒక మొక్క కోసం ట్యాంకునంతా పణంగా పెట్టినట్టవుతుంది.

కోసి బయటపడిన ముక్కకు ఆకులు లేకపోయినా పారేయనక్కర్లేదు. రైజోమ్ గట్టిగా ఉంటే కణుపుల దగ్గర నిద్రాణంగా ఉన్న మొగ్గలు మేల్కొంటాయి. అనుబియాస్ మామూలు రోజుల్లోనే ఒక్కో ఆకుకు మూడు నాలుగు వారాలు తీసుకుంటుంది, కాబట్టి ఇక్కడ నెల దాటినా నిరాశ పడకూడదు. వారానికోసారి బొటనవేలితో నొక్కి చూస్తూ ఉంటే చాలు. గట్టిగా ఉన్నంత కాలం అది బతికే ఉంది. ఒకరోజు కణుపు పక్కన ఆవగింజంత లేతాకుపచ్చ మొన కనిపిస్తుంది. ఆ మొన పొడవు సాగి రెండు ఆకులు విప్పుకున్నాక, దాన్ని తిరిగి ట్యాంకులోకి తీసుకెళ్ళి రాతి మీద కట్టవచ్చు.